బిగువు

ఆ రోజు జూన్ పంతొమ్మిది. క్యాంటీన్‌లో చోడి అంబలి, నంజుకోడానికి వేయించిన నెత్తళ్ళ చేపలు. చాలా నెలల తరువాత నెత్తళ్ళు దొరికాయి కనుక పరీక్షకుడు సన్యాసిరావుకి ఆ తేదీ గుర్తుండిపోయింది.

చేయి కడుక్కుని వచ్చి కరెంటుని దాచి ఉంచే అరవై రెండో నిలవచుట్టని ద్రవ నత్రజని తొట్టిలోకి దించి కొలిచాడు. రేపు అది తీరంలోని తుపాను గృహానికి వెళ్ళాలి. కరెంటు స్తంభాలు కూలినా అక్కడ దీపాలూ ఆక్సిజన్ యంత్రాలూ దాని మీదే నడుస్తాయి.

చుట్టకముందు ఆ శీతతీగ ఆ చలిలో అడ్డులేకుండా మోసిన కరెంటు రెండువందల పన్నెండు ఆంపియర్లు. చుట్టాక నూట తొంభై ఎనిమిది. అది మామూలే, లాగినప్పుడు ఏ తీగైనా కొంత తగ్గుతుంది. కానీ బిగువు వదిలాక కూడా నూట తొంభై తొమ్మిది దాటలేదు. లోపలి పొర చిట్లిందన్నమాట. నింపి ఖాళీ చేసినప్పుడల్లా ఆ పగులు పెరుగుతుంది.

చుట్టల్ని ఒప్పుకునే యంత్రం, నిర్ణయి, అడిగేది నూట తొంభై మాత్రమే. గోడ మీద పచ్చదీపం వెలిగించేసింది.

ఆ చుట్టని చుట్టిన తవిటమ్మ తొంగి చూసింది. "ఏటి బాబూ, పచ్చే గదా! మరి మొకమలగెట్టినారేటి?"

"వదిలాక వెనక్కి రాలేదమ్మా. కొస ఎలా బిగించావు?"

"ఎప్పట్నాగే. గోటితో మీటినాను. పలకలేదు. ఇంకొంచెం లాగినాను. అప్పుడు టింగుమంది."

"మీటమని ఎవరు చెప్పారు?"

"మా మావ. పలకని పడుగు మీద నేసిన గుడ్డ ఆడే కట్టుకోవాలనీవోడు." నవ్వబోయి ఆగిపోయింది. "తప్పా బాబూ?"

"నూలుకి కాదు. దీని లోపల గాజులాంటి పొర ఉంది."

చుట్ట చెడితే పడే ఎరుపు గుర్తులు ఆమె పేరున అప్పటికే రెండున్నాయి. మూడోది పడితే తీగశాల గేటు ఆమెకి తెరుచుకోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"రాసీండి," అంది తవిటమ్మ. "గాలొచ్చిన్నాడు అక్కడ పసిపిల్లలుంతారు."

చుట్టని తిప్పికొట్టే ఎరుపు పత్రంలో తప్పుకి కారకుని పేరు లేకపోతే నిర్ణయి తీసుకోదు. సన్యాసిరావు వేళ్ళు అక్కడ ఆగాయి. చుట్టేవాళ్ళు ఆరుగురూ మగ్గం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఎనిమిది నెలలుగా ఆరు చోట్ల నుంచీ ఆ టింగుమనే చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉంది. భార్య పోయాక ఇంట్లో వినపడే చప్పుళ్ళు తగ్గిపోయాయి. ఇది బాగుందనుకున్నాడు. ఎందుకు మీటుతున్నారని ఒక్కరోజూ అడగలేదు.

తన పేరు రాశాడు.

పరీక్షకుడు కారకుడు కాలేడు, అంది నిర్ణయి. మళ్ళీ రాశాడు. మళ్ళీ అదే మాట. మూడోసారీ తన పేరే రాశాడు. తరువాత గోడ మీద పచ్చదీపాలు ఒక్కొక్కటే ఆరడం మొదలుపెట్టాయి. పరీక్షించినవాడిదే తప్పయితే, అతను ఇంతవరకూ ఒప్పుకున్న అరవై ఒక్క చుట్టలూ సందేహంలో పడ్డట్టే.

"ఓలమ్మ! అన్నీ పోనాయా?"

"పోలేదు. మళ్ళీ చూడాలి. రేపట్నుంచి, ఒక్కొక్కటీ."

"మిమ్మల్నుంచుతారా?"

"అంతవరకైతే ఉంచాలి కదా. ఇన్ని చూడాలంటే మనిషి కావాలి."

తవిటమ్మ తన యంత్రం దగ్గరికి వెళ్ళి, రేపటి కోసం ఎక్కించిన తీగ కొసని పట్టుకుంది. అలవాటుగా గోరు లేచింది. మీటలేదు. ఒక్క మర వదులు చేసి, చెంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సన్యాసిరావు తొట్టి మీద మూత పెట్టాడు. ఆరిన దీపాల వరుసని ఒకసారి చూసి, గడియ మోగకుండా చేయి అడ్డుపెట్టి, ఆ పూటకి తలుపు మూశాడు.