గిటారు గట్టిమేళం

గిటారు వాయిస్తూ కళ్ళు మూసుకోవడం శ్రీనాథ్‌కు అలవాటు. మూసుకుంటే ఎదురుగా లక్షమంది జనం కనిపిస్తారు. తెరిస్తే పెళ్ళి రిసెప్షనుకు వచ్చి, భోజనాలు ఎప్పుడు పెడతారా అని చూస్తున్నవాళ్ళు కనిపిస్తారు. అందుకే ఆ సాయంత్రం పెనుకొండ కల్యాణమండపంలో కూడా కళ్ళు మూసుకునే సోలో అందుకున్నాడు. సరిగ్గా పతాక స్థాయికి చేరేసరికి గిటారు మూగబోయింది.

కళ్ళు తెరిచాడు. స్టేజీ పక్కన నెమలికంఠం రంగు పట్టుచీరలో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేతిలో అతని యాంప్లిఫయర్ ప్లగ్గు, రెండో చేతిలో మిక్సీ వైరు.

"ఏమండీ, ఏం చేస్తాండారు? అది నా యాంప్ ప్లగ్గు."

"తెలుసప్పా. వంటింట్లో ప్లగ్గులు పనిచెయ్యల్యా. పెండ్లికొడుకోళ్ళు బంతిలో కూర్చుండారు, చట్నీ లేదు."

"నేను సోలో మధ్యలో ఉండా."

"అది మధ్యనా? శానాసేపట్నించి వాయిస్తాంటివి గదా, అయిపోయిందేమో అనుకుంటి."

మిక్సీ గుర్రుమంది. డ్రమ్స్ మీదున్న మహేష్ స్నేహధర్మం మరిచి, ఆ గుర్రుకు తగ్గట్టు తాళం వేయడం మొదలుపెట్టాడు. ముందు వరుసలో ఉన్న పెద్దాయనొకరు పక్కాయన వైపు వంగి, "ఈ పాట బాగుండాది," అన్నాడు.

ఆమె పేరు సాయిశ్రీ అనీ, పెళ్ళికూతురి చెల్లెలనీ, ధర్మవరంలో పట్టుచీరల అంగడి నాగేశ్వరయ్య రెండో కూతురనీ శ్రీనాథ్‌కు తర్వాత తెలిసింది. పెళ్ళికొడుకుది హిందూపురం. పెళ్ళి మా ఊర్లోనంటే మా ఊర్లోనని ఇరుపక్షాలూ పట్టుబట్టి, చివరికి ఎవరిదీ కాని పెనుకొండలో రాజీ పడ్డారు.

శ్రీనాథ్‌దీ హిందూపురమే. వాళ్ళ నాయనకు చింతపండు మండి ఉంది. ఇంజనీరింగులో తప్పిన పరీక్షలు మళ్ళీ రాస్తూ, ఆ మధ్యలో దొరికిన తీరికలో అతను గిటారు నేర్చుకున్నాడు. ఇంట్లో వాయిస్తే అమ్మకు తలనొప్పి వస్తుందని మండి గోదాములోకి తోసేశారు. అక్కడే అమరాపురం నుంచి మహేష్ వచ్చి కలిశాడు, ఇంకో ఇద్దరు చేరారు, బ్యాండుకు 'పులుపు' అని పేరు పెట్టుకున్నారు. మొదటి ప్రోగ్రాం వినాయక చవితి పందిట్లో. మూడో పాటకే మంగళహారతి ఇచ్చి పంపేశారు. బెంగళూరులో ఒక పబ్బులో అవకాశం వస్తే మేనేజరు వచ్చి కొంచెం తగ్గించమన్నాడు. తగ్గించారు. ఇంకొంచెం అన్నాడు. చివరికి వాయించడం మానేసి ఊరికే నిలబడితే, ఇప్పుడు బాగుందన్నాడు.

అయినా శ్రీనాథ్ వదల్లేదు. సంగీతమంటే అతనికి అంత పిచ్చి. ఇప్పుడు దానికి తోడు ఇంకో పిచ్చి పట్టుకుంది. చట్నీ రుబ్బడం అయ్యాక కూడా అతని కళ్ళు నెమలికంఠం రంగు ఎక్కడుంటే అక్కడికి పోతున్నాయి. ఆమె చూసినప్పుడల్లా గుర్రుగా చూస్తోంది. గుర్రుగా చూసినా బాగానే ఉంది.

మర్నాడు పొద్దున బ్యాండువాళ్ళు సామాను ఆటోకెత్తుతుంటే సాయిశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమప్పా, యాడికి పోతాండారు? దించండి, దించండి."

"మళ్ళా ఏం ప్లగ్గు కావల్ల?" అన్నాడు శ్రీనాథ్.

"మేళగాళ్ళు రాల్యా. నల్లచెరువు నుంచి వచ్చినోళ్ళు తెలీక ఊర్లోనే ఇంగో పెండ్లికి పోయినారంట. ఆడ టిఫిను తిని, వాయించేది గూడా మొదలుపెట్టినారంట. ఆ ముహూర్తమూ మన ముహూర్తమూ ఒకటే. మధ్యలో లేసి వస్తే వాళ్ళు ఊరుకుంటారా? గట్టిమేళం మీరే వాయించల్ల."

శ్రీనాథ్ మహేష్‌ను చూశాడు. మహేష్ గిటారును చూశాడు. తాళి కట్టే క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ వినబడకుండా డోలూ సన్నాయీ ఒక్కసారిగా హోరెత్తించడమే గట్టిమేళం. అది మొదలైతే పెళ్ళికి వచ్చినవాళ్ళంతా అక్షింతలు వేస్తారు. ఎలక్ట్రిక్ గిటారుతో గట్టిమేళం ఆ జిల్లాలో అప్పటిదాకా ఎవరూ వినలేదు.

సాయిశ్రీ వెనకాలే నాగేశ్వరయ్య వచ్చాడు. "వీళ్ళతోనా పాపా? మంత్రాలకి తాళం వేస్తారేమో చూసుకో. నీదే పూచీ. పెండ్లి పనులు చక్కగా జరిపిస్తేనే హిందూపురం అంగడి నీకని చెప్పినా. గుర్తు పెట్టుకో."

ధర్మవరం వాళ్ళు వచ్చే నెలలో హిందూపురంలో కొత్త అంగడి తెరుస్తున్నారు. దాని కోసం సాయిశ్రీ రెండేళ్ళుగా నాయన వెంటబడి తిరిగింది. మగ్గాల వాళ్ళతో మాట్లాడింది, రంగులు నేర్చుకుంది, వచ్చిన రెండు సంబంధాలను అంగడి తెరిచాక చూద్దామని వెనక్కి పంపింది.

"నేను చూసుకుంటా నాయనా," అంది. తర్వాత శ్రీనాథ్ వైపు తిరిగింది. "అయ్యవారు వేలెత్తినప్పుడు వాయించల్ల. అంతవరకూ గమ్మునుండల్ల. ఆయప్ప వేలు తప్ప ఇంకేం చూడొద్దు. తెలిసిందా?"

"తెలిసింది."

పెళ్ళిమండపం పక్కన, మేళగాళ్ళు కూర్చునే చోట, 'పులుపు' సర్దుకుని కూర్చుంది. శ్రీనాథ్ పెళ్ళి చేయించే అయ్యవారి వేలు మీదే చూపు నిలిపాడు. ఆ వేలు దర్భ కట్టుకుంది, నేతిలో మునిగింది, చెవి గోక్కుంది. ఎత్తడం మాత్రం ఎత్తలేదు. మంత్రాలు సాగుతున్నాయి. కాస్త కళ్ళు విశ్రాంతిగా ఉంటాయని శ్రీనాథ్ ఒక్కసారి పక్కకు చూశాడు.

అక్క వెనకాల తాంబూలం పళ్ళెం పట్టుకుని కూర్చున్న సాయిశ్రీ అతన్ని చూసి నవ్వుతోంది.

నిన్నటి నుంచి గుర్రుగా తప్ప చూడని మనిషి. అంత చక్కటి నవ్వు. శ్రీనాథ్‌కు లోపల ఏదో కదిలింది, దాంతోపాటు చెయ్యి కూడా కదిలింది. గిటారు ఘొల్లుమంది. శ్రీనాథ్‌ను చూసి వాయించడమే అలవాటైన మహేష్ డ్రమ్స్ బద్దలయ్యేలా అందుకున్నాడు. గట్టిమేళం మోగిందంటే ముహూర్తం వచ్చినట్టే గదా, వెయ్యిమంది జనం లేచి ఉన్న అక్షింతలన్నీ విసిరేశారు.

పెళ్ళికొడుకు అప్పటికి తాళి ముట్టుకోనేలేదు. జీలకర్ర బెల్లం ముద్ద చేత్తో పట్టుకుని, తలంతా బియ్యంతో, అయ్యవారి వైపు దీనంగా చూశాడు.

"ఇంగా టైముండాది," అన్నాడు అయ్యవారు, గడ్డంలోంచి బియ్యం దులుపుకుంటూ.

ఇప్పుడు అక్షింతలు లేవు. సాయిశ్రీ వంటింట్లోకి పరుగెత్తింది. వంటమాస్టరు హడావిడిగా బియ్యం తీసి, పసుపు డబ్బా అనుకుని సాంబారుపొడి డబ్బా బోర్లించి కలిపి ఇచ్చాడు. అయ్యవారు ఈసారి వేలెత్తాడు. శ్రీనాథ్ వాయించాడు. జనం విసిరారు. మండపమంతా ఎర్రటి పొడి లేచింది.

మొదట తుమ్మింది అయ్యవారు. తర్వాత పెళ్ళికొడుకు మేనమామ. తర్వాత ఎవరు ఎప్పుడు తుమ్మారో లెక్క తెలియదు. తాళి ముడులు పడుతుండగా తుమ్ము వినబడకూడదు. శ్రీనాథ్ యాంప్లిఫయరు ఎంత పెరుగుతుందో అంతా పెంచి, తుమ్ములు నిలిచేదాకా చెయ్యి ఆపకుండా వాయించాడు. మూడు ముళ్ళూ చక్కగా పడ్డాయి. ఒక్క తుమ్మూ ఎవరి చెవినా పడలేదు.

అంతా అయ్యాక పెళ్ళికొడుకు వైపు పెద్దలు నిలదీశారు. ముందే ఎందుకు వాయించారని అడిగితే, శ్రీనాథ్ నోటికొచ్చింది చెప్పాడు.

"వైరు షార్టయింది."

నాలుగు రోజుల తర్వాత గోదాములో తీగలు మారుస్తుంటే ఫోను మోగింది.

"నేనప్పా, సాయిశ్రీని. ఒక మాట అడగల్ల. నిజంగా వైరు షార్టయిందా?"

నిజం చెప్పాలంటే ఆమె నవ్వు గురించి చెప్పాలి. శ్రీనాథ్‌కు ధైర్యం చాల్లేదు. "అవును," అన్నాడు.

"సరేలే. హిందూపురం అంగడి మా చిన్నాయనకు ఇస్తాండాడు మా నాయన. మనిషిని చూసి పని అప్పజెప్పేది నాకు తెలీదంట. ఊరికే అడిగినా. పెట్టేస్తా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది శ్రీనాథ్‌కు. గోదాములో బస్తాల మధ్య కూర్చుని, తనంత పిరికివాడు ఈ తాలూకాలో ఇంకొకడు ఉండడని తేల్చుకున్నాడు.

"రేయ్ మహేషా, ధర్మవరం పోదాం పా."

"ఎందుకు?"

"వాళ్ళ నాయనకు నిజం చెప్పేకి."

"ఏమని? మీ పాపను చూస్తా వాయించినా అనా? వాళ్ళంగట్లో గుడ్డలు కొలిచే ఇనుప కడ్డీ ఉంటాది, తెలుసా నీకు?"

అంటూనే మహేష్ కూడా రైలెక్కాడు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగగానే, "ఈడ దిగి ఎనక్కి పోదామా? ఎవురికీ తెలీదు," అని ఒకసారి అడిగి చూశాడు. శ్రీనాథ్ ఒళ్ళో గిటారు పెట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అది ఎందుకు తెచ్చాడో అతనికే తెలియదు.

అంగట్లో తెల్లదుప్పట్లు పరిచిన పరుపుల మీద ఆడవాళ్ళు కూర్చుని పెళ్ళిచీరలు చూస్తున్నారు. ఒకావిడ గిటారు పెట్టె చూసి, "ఇవి కొత్త డిజైన్లా అప్పా?" అంది. మూలన కుర్చీలో నాగేశ్వరయ్య తల్లి రాజేశ్వరమ్మ. చీరలు మడతలు పెడుతున్న సాయిశ్రీ తలెత్తి చూసి, ఉన్నచోటే నిలబడిపోయింది.

నాగేశ్వరయ్య కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మళ్ళా వచ్చినారా? ఇప్పుడెవురి పెండ్లి?"

"నిజం చెప్పేకొచ్చినా సార్. ఆ పొద్దు వైరు షార్టు కాల్యా. నేనే ముందుగా వాయించినా."

"అయ్యవారు వేలెత్తినాడనుకుంటివా?"

"లేదు సార్. అయ్యవారిని చూడనేల్యా."

"మరి యాడ చూస్తాంటివి?"

శ్రీనాథ్ గిటారు పెట్టె కింద పెట్టాడు. మహేష్ అప్పటికే చెప్పుల దగ్గరికి జరిగాడు.

"మీ పాపను సార్."

రెండు చీరల్లో ఏది తీసుకోవాలా అని అరగంటగా తేల్చుకోలేని ఆవిడ రెండూ వదిలేసి ఇటు తిరిగి కూర్చుంది.

"అంతవరకూ అయ్యవారి వేలే చూస్తాంటి సార్. ఒక్కసారి అట్ల తిరిగితే ఆ పాప నవ్వుతాండాది. చెయ్యి దానంతట అదే తీగల మీద పడిపాయ. ఆ పాపంటే నాకిష్టం సార్. చూడకుండా ఉండేకి శానా ప్రయత్నం చేసినా, నా చేత కాల్యా. దానికి నన్నేమన్నా అనండి. మా బ్యాండును ఎవురూ పిలవద్దని ఊరూరా చెప్పండి. ఆ పాప అంగడి మాత్రం తీసుకోవద్దండి. ఆయమ్మి తప్పు ఇసుమంత గూడా లేదు."

నాగేశ్వరయ్య నోరు తెరిచేలోపు మూలనుంచి రాజేశ్వరమ్మ అడిగింది. "ఏమబ్బా, ఆ తుమ్ములప్పుడు అంతసేపు వాయిస్తివే, ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పల్యా అవ్వా. అక్కకు తాళి కట్టేటప్పుడు ఒక్క తుమ్ము వినపడినా ఆ పాప బాధపడతాదని."

"ఏదీ, చెయ్యి చూపీ."

చూపించాడు. వేళ్ళ చివర బొబ్బలు పగిలి పక్కులు కట్టి ఉన్నాయి. ముసలావిడ ఆ చేతిని కొంచెంసేపు పట్టుకుని, తర్వాత కొడుకు వైపు చూసింది. "నాగేశా, మనిషిని చూసి పని అప్పజెప్పేది ఈ పిల్లకు తెలీదంటివా?"

నాగేశ్వరయ్య కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఇచ్చేయప్పా," అంది రెండు చీరలావిడ.

"ఏందమ్మా ఇచ్చేది? అంగడినా, పాపనా?"

"ముందు అంగడి ఇయ్యి. పాప సంగతి పాపనడుగు."

ఆడవాళ్ళందరూ నవ్వారు. నాగేశ్వరయ్యకు కూడా నవ్వు వచ్చింది కానీ బయటపడనివ్వలేదు. "పాపా, హిందూపురం బోర్డు మీద ఏం రాయించల్లో పెయింటరుకు నువ్వే చెప్పు," అన్నాడు. తర్వాత శ్రీనాథ్‌తో, "నువ్వు పోయి మీ నాయన్ని పంపీ. నీతో మాట్లాడేదేం లేదు," అన్నాడు.

"మా నాయనెందుకు సార్?" అన్నాడు శ్రీనాథ్. మహేష్ వెనకనుంచి గట్టిగా గిల్లాడు.

బయట నాలుగు చినుకులు పడుతున్నాయి. పంటల కోసం బతిమాలినా రాని వాన, ప్రేమికులంటే మాత్రం మొహమాటపడి అంతమాత్రం వచ్చింది. శ్రీనాథ్ చెప్పులేసుకుంటుంటే సాయిశ్రీ గడప దాకా వచ్చింది. మహేష్ ఉన్నట్టుండి టీ తాగాలని గుర్తొచ్చి రోడ్డు దాటాడు.

"మా నాయనకు చెప్తివి. అవ్వకు చెప్తివి. చీరలు కొనేకొచ్చినోళ్ళకు గూడా చెప్తివి," అంది ఆమె. "నాకు మాత్రం ఫోన్లో అబద్ధం చెప్తివి."

"భయమేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడా వేస్తాండాది."

సాయిశ్రీ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నువ్వెందుకు వాయించినావని అందరూ అడిగినారు. నేనెందుకు నవ్వినానని ఒక్కరూ అడగల్యా."

"ఎందుకు నవ్వినావు?"

"ఆయప్ప వేలు తప్ప ఇంకేం చూడొద్దని చెప్పింటి గదా. నువ్వు మాట వింటావు, నా పక్క చూడవులే అనుకుని, అంతసేపూ నిన్నే చూసుకుంటా కూర్చుంటి."

శ్రీనాథ్ రెండో చెప్పు వేసుకోవడం మరిచి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"ఏం చూస్తాండావు? రైలు పోతాది," అంది సాయిశ్రీ. "పోయి మీ నాయన్ని తొందరగా పంపు."