రెండు సున్నాలు, నాలుగు ఇంటూలు

పెయింటరు ట్యుటోరియల్ మెట్లెక్కేసరికి క్లాసు మొదలై పావుగంటైంది. బయట వాన దంచి కొడుతోంది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, చేతుల నిండా పొద్దున్న వేసిన పసుపు రంగు. చప్పుడు చేయకుండా వెనక బెంచీలో నక్కుదామనుకున్నాడు గానీ, అది నక్క తోక తొక్కిన రోజు కాదు.

"మీరే. ఆ తడిసినాయన. బోర్డు దగ్గరికి రండి."

లాజిక్ మేడం గొంతు అది. మహా అయితే అతని వయసే ఉంటుంది. బోర్డు మీద రెండు పెద్ద సున్నాలు, ఒకదానిలోకి ఒకటి సగం చొచ్చుకున్నట్టు గీసి ఉన్నాయి. ఆవిడ అతని చేతులకేసి చూసి, ఒక సున్నా మీద 'పెయింటర్లు' అనీ, రెండోదాని మీద 'మనుషులు' అనీ రాసింది.

"పెయింటర్లందరూ మనుషులే. ఈ వాక్యాన్ని ఇక్కడ చూపించండి."

ఇంతేనా అనుకున్నాడు. రెండు సున్నాలూ కలిసే మధ్య భాగాన్ని చాక్‌పీసుతో నింపేశాడు. అలవాటు కొద్దీ అంచులు కూడా నీటుగా దిద్దాడు.

"కోటింగ్ బాగుంది," అంది మేడం. "జవాబు తప్పు."

"తప్పెక్కడండీ? అందరూ అక్కడే ఉన్నారుగా. అందుకే పూశాను."

"లాజిక్‌లో ఎక్కడ గీతలు కొట్టి నింపితే అక్కడ ఎవరూ లేరని అర్థం. ఇప్పుడు మీరు చెప్పిందేంటంటే, మనిషైన పెయింటరు ఒక్కడూ లేడని. కొట్టాల్సింది ఇక్కడ, మనుషుల్లో కలవని పెయింటర్ల భాగంలో."

క్లాసు గొల్లుమంది. అతనికి ఉక్రోషం పొడుచుకొచ్చింది.

"ఎవరూ లేని చోటికి రంగెవరు వేయిస్తారు మేడం? పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఖాళీగా పడేసుకోడానికి గదికి రంగేయించిన ఇల్లు ఒక్కటీ చూళ్ళేదు."

ఈసారి క్లాసు ఇంకా గట్టిగా నవ్వింది. మేడం నవ్వలేదు. ఆవిడ మొహంలో ఏదో దీపం ఆర్పినట్టయింది. డస్టరు తీసుకుని రెండు సున్నాలనూ మెల్లగా తుడిచేసింది.

"ఉంటాయి. మీరు చూళ్ళేదంతే. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. గెలిచాడో ఓడాడో అతనికే తెలియలేదు.

గుమాస్తా ఉద్యోగ పరీక్షలో లాజిక్ పేపరు అతన్ని రెండుసార్లు ముంచింది. నాన్న నిచ్చెన మీంచి పడి మంచం పట్టాక, "నువ్వైనా నేల మీద కూర్చుని చేసే పని చూసుకోరా" అని అమ్మ ప్రాణం తీస్తోంది. అందుకని పగలు గోడలు, సాయంత్రం ఈ సున్నాలు.

మేడంకి క్లాసులో పెట్టిన పేరు మబ్బు మేడం. కురవదు, విడవదు. పాఠం మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుంది. అందరూ, ఎవరూ కాదు, కొందరు, కొందరు కాదు. లోకంలో ఎవరేం చెప్పినా ఈ నాలుగు రకాల వాక్యాల్లో దేంట్లోకో దాన్ని దించొచ్చంటుంది.

"ఒకచోట ఎవరో ఉన్నారని తెలిస్తే ఇంటూ పెడతాం," అందో రోజు.

"ఇంటూ అంటే తప్పని కదండీ?" అన్నాడు పెయింటరు.

"మీ బళ్ళో. ఇక్కడ ఇంటూ అంటే కనీసం ఒక మనిషి ఉన్నాడని. ఎవరూ లేరు అని ఎంత గట్టిగా చెప్పినా సరే, ఒక్క ఇంటూ పడిందంటే ఆ వాక్యం కూలిపోతుంది."

"గీతలూ లేక, ఇంటూ లేకపోతే? ఖాళీ అనేగా?"

"కాదు. ఖాళీ అని తెలిస్తే గీతలు కొట్టేవాళ్ళం. ఏమీ పెట్టలేదంటే మనకి తెలీదని. తెలీనిదాన్ని లేదనుకోవడం మీకు బాగా అలవాటైనట్టుంది."

"మీకు లేదా మేడం ఆ అలవాటు?"

ఆవిడ పుస్తకంలోంచి తలెత్తి చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపుకి పెయింటరు నోట్సులో సున్నా గీయబోయి కోడిగుడ్డు గీశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ప్రేమ అంటే ఇదేనేమో అనుకున్నాడు. ఇంత దిగులుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

నెల గడిచింది. ఓ సాయంత్రం వాన తగ్గక ఇద్దరూ మెట్ల కింద ఇరుక్కుపోయారు. మేడం చేతిలో గొడుగుంది, అయినా కదలడం లేదు.

"గొడుగు చిల్లు పడిందా మేడం?"

"లేదు. మిమ్మల్నొకటి అడగాలి," అంది. "మా ఇంట్లో పైగది అద్దెకిద్దామనుకుంటున్నాం. ఉన్న రంగు గీకేసి తెల్లరంగు వేయాలి."

"ఇప్పుడు ఏ రంగుంది?"

"లేత పసుపు."

మొదటిరోజు తన చేతుల మీదున్న రంగు అతనికి గుర్తొచ్చింది. ఎందుకో ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

ఆదివారం నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తే, తలుపు తీసింది వాళ్ళ నాన్న. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గుమ్మంలో తటపటాయిస్తున్న పెయింటర్ని చూసి, "లోపల బోలెడు ఖాళీ ఉంది, ముందుకు జరగండి!" అని కేకేశాడు. కేకలో హుషారుంది గానీ కళ్ళలో లేదు.

పైగది తాళం తుప్పు పట్టింది. లోపల కర్టెన్ రాడ్డు ఇంకా ప్లాస్టిక్ సంచీలోనే ఉంది. హోల్డరులో బల్బు లేదు. మూడు గోడలు చెమ్మకి పెచ్చులూడాయి. కిటికీ పక్క నాలుగో గోడ మాత్రం నిన్ననే వేసినట్టుంది. పాత రంగే గానీ, మనిషి చెయ్యి తగిలిన మరక ఒక్కటీ లేదు.

"ఈ గదిలో ఎవరుండేవాళ్ళండీ?" అనడిగాడు పెయింటరు.

"ఎవరూ ఉండలేదయ్యా." పెద్దాయన గుమ్మానికి ఆనుకున్నాడు. "రెండేళ్ళ కిందట మా అమ్మాయీ, చేసుకోబోయే అబ్బాయీ కలిసి ఎంచుకున్న రంగిది. పెళ్ళి పన్నెండు రోజులుందనగా, ఆఫీసు నుంచి వస్తున్న అబ్బాయిని లారీ కొట్టింది, పోయాడు. మా అమ్మాయికి వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత ఇది."

పెయింటరుకి నాలుక కోసేసుకోవాలనిపించింది. ఖాళీగా పడేసుకోడానికి రంగేయించిన ఇల్లు చూళ్ళేదని నలభై మంది ముందు ఆమెతోనే అన్నాడు.

రెండు రోజులు గోడలు గీకాడు. లప్పం పెట్టాడు, గరుక్కాగితంతో రుద్దాడు. మూడు గోడలు తెల్లబడ్డాయి. మూడో రోజు సాయంత్రం మేడం టీ తెచ్చి కిటికీలో పెట్టింది. కింద పెద్దాయన రేడియో సన్నగా వినిపిస్తోంది.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"మీకు తెలీదుగా."

"తెలీనిదాన్ని లేదనుకున్నాను. మీరు చెప్పిందే." గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. "ఇంకోటి కూడా చెప్పాలి. చెప్పకపోతే పరీక్ష ఎలాగూ పోతుంది, ప్రాణం కూడా పోయేట్టుంది. మీరంటే నాకిష్టం మేడం."

ఆవిడ కోప్పడలేదు. అదే అతన్ని భయపెట్టింది.

"నాకూ మీరు క్లాసుకి రాకపోతే ఏం తోచదు," అంది. "అందుకే వద్దంటున్నాను. నాకు దగ్గరైనవాళ్ళెవరూ నిలవరు. ఈ గదిలోకి ముక్కూమొహం తెలీనివాళ్ళు అద్దెకి రావాలి, అంతే. మీరు బాగుండాలి."

"ఎంతమందిని చూసి రాశారు ఆ వాక్యం?"

"ఏంటి?"

"ఎవరూ నిలవరు అన్నారు. ఎంతమందిని చూసి?"

"ఇద్దర్ని. ఇద్దరు చాలరా?"

"ఇద్దర్ని చూస్తే కొందరు నిలవలేదని రాయొచ్చు. ఎవరూ నిలవరని నేను రాసుంటే మీరే నాకు సున్నా వేసేవారు. ఒక్క ఇంటూ చాలు, వాక్యం కూలిపోతుందన్నారు. కింద రేడియో వింటున్న మనిషి ఎవరు మేడం? ఆయన మీకు దగ్గర కాదా? నిలవలేదా?"

కింద రేడియో ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

"నా ఏడుపుతో నాకే పాఠాలు చెప్పకండి," అంది మేడం. కళ్ళ నిండా నీళ్ళు. "వెళ్ళండి. ఈ గోడ ఇలాగే ఉండనీండి. ఇంక రావద్దు."

మెట్లు దిగుతుంటే కండక్టరు కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాడు. దిగేవాళ్ళని ఆపే అలవాటు ఆయనకి లేదు. నిచ్చెన తీసుకోవడం కూడా మర్చిపోయి పెయింటరు వానలో పడి వెళ్ళిపోయాడు.

తర్వాత అతను క్లాసుకి వెళ్ళలేదు. మాటల్లో తనే నెగ్గాడు. నెగ్గి ఏం బావుకున్నాడు, ఆడపిల్లని ఏడిపించాడు. రోజంతా ఊళ్ళో వాళ్ళ గోడలకి రంగులేసి, ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకునేవాడు. ఏ పేజీ తిప్పినా ఆవిడ గొంతే వినిపించేది. పరీక్ష రానే వచ్చింది. ఎప్పుడూ తెల్లకాగితం ఇచ్చొచ్చే లాజిక్ పేపర్లో, ఈసారి గీతలు కొట్టాల్సిన చోటల్లా తడుముకోకుండా కొట్టాడు. బయటికొచ్చి చెప్పుకోవాల్సిన మనిషికి చెప్పుకునే దారి లేక, గేటు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాడు.

వారం తర్వాత అతను పని చేస్తున్న చోటికి కండక్టరు వెతుక్కుంటూ వచ్చాడు. గొడుగు మూసి, పైన పరంజా పలకల మీదున్న పెయింటర్ని చూశాడు.

"నీ నిచ్చెన మా ఇంట్లోనే ఉండిపోయిందయ్యా."

"ఎవర్నైనా పంపుతాలెండి."

"నువ్వే రా." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు నువ్వన్నది విన్నాను. రెండేళ్ళుగా ఇంట్లో ఉంటూ, నేనున్నానని మా అమ్మాయికి చెప్పడం నాకే చేతకాలేదు. టిక్కెట్టు అడగని ప్రయాణికుడిలా ఓ మూల కూర్చున్నాను. ఆ రాత్రి అది కిందికొచ్చి నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. రెండేళ్ళలో మొదటిసారి. రా, గోడ చూద్దువుగాని."

పైగది తలుపు తీసే ఉంది. హోల్డరులో బల్బు వెలుగుతోంది. మేడం కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తోంది. అతను వచ్చిన చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు.

నాలుగో గోడ మీద, ఆ లేత పసుపు మీదే, పెన్సిలుతో రెండు పెద్ద సున్నాలు గీసి ఉన్నాయి. ఒకదాని మీద 'నాకు దగ్గరైనవాళ్ళు'. రెండోదాని మీద 'నిలిచినవాళ్ళు'. ఎక్కడా గీతలు కొట్టలేదు.

దగ్గరైనవాళ్ళ సున్నాలో, రెండోదానితో కలవని భాగంలో రెండు ఇంటూలున్నాయి.

"అమ్మ. అతను," అంది మేడం, చూడకుండానే. "కొందరు నిలవలేదు. అది అబద్ధం అయిపోదు. దాన్ని తుడవలేను."

"తుడవక్కర్లేదు," అన్నాడు.

రెండు సున్నాలూ కలిసే మధ్య భాగంలో, మొదటిరోజు అతను చాక్‌పీసుతో నింపేసిన చోట, ఇంకో రెండు ఇంటూలున్నాయి. పెయింటరు వాటిని లెక్కపెట్టాడు.

"లాజిక్‌కి ఒక్కటి చాలు కదా మేడం."

"చాలు. ఒకటి నాన్న."

"రెండోది?"

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మబ్బు ఇంకా విడవలేదు గానీ, పెదవి చివర ఏదో కదిలింది.

"పరీక్ష కూడా రాసొచ్చారు. ఇంకా అర్థం కాలేదంటే ఫీజు వాపసు ఇవ్వాల్సిందే."

"అర్థమైంది," అన్నాడు. "కానీ నిలుస్తానని ఇప్పుడే ఎలా రాశారు? అది ఇంకా తెలీని భాగం కదా."

"అవును, తెలీదు. భయంగానే ఉంది. తప్పైతే దిద్దుకుంటాను. పెన్సిలుతోనే రాశాను." చేతిలోని పెన్సిలు అతని వైపు చాచింది. "మీరు దాన్ని గట్టిగా దిద్దండి."

అతను గోడ దగ్గరికి వెళ్ళలేక, గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనక నుంచి, మెట్ల మీంచి, ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో అరిగిపోయిన గొంతొకటి కాస్త వణుకుతూ కేకేసింది.

"లోపల బోలెడు ఖాళీ ఉందయ్యా. ముందుకు జరుగు."