రిపేరు లేని రిపేర్లు

"ఆ పెట్టె మీద చెయ్యి వేశారంటే నిచ్చెన లాగేస్తాను. కాలు విరిగితే కట్టు కూడా నేనే కడతాను!"

నిచ్చెన మీదున్న కేబులబ్బాయి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కింద నర్సమ్మ నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. అన్నంత పనీ చేసే మనిషే!

"ఏంటయ్యా చూస్తావ్? పీకెయ్!" గుమ్మంలోంచి అరిచాడు కంపెనీ మేనేజరు.

బయట వాన దంచుతోంది. చిన్న ఆస్పత్రి హాలులో తడి గొడుగులతో ఊరు ఊరంతా కిక్కిరిసి ఉంది.

ఆ ఇంటర్నెట్ పెట్టె కోసం నర్సమ్మ తిరగని గడప లేదు. పట్నంలో ఎంత వేగమో తమ ఊళ్ళోనూ అంతే వేగం, అదే ధరకి కావాలని సంతకాలు పోగుచేసింది. కంపెనీ ఆఫీసు మెట్ల మీద జనంతో కూర్చుంది. ఎందుకంటే ఒకసారి ఒక పెద్దాయన కాలి ఎక్స్‌రే నెట్‌లో పట్నం డాక్టరుకి చేరేలోపు, ఆ కాలేసుకుని ఆయనే బస్సెక్కి చేరిపోయాడు.

చివరికి కంపెనీ దిగొచ్చి, ముందు ఆస్పత్రికి ట్రయల్ లైన్ ఇచ్చింది. అది సవ్యంగా నడిస్తే ఇంటింటికీ వేస్తామంది.

"సవ్యంగానే నడుస్తోందిగా సార్!" అంది నర్సమ్మ.

"ఎక్కడమ్మా? వారం తిరిగేసరికి ఒక కంప్లయింటు! ఒక్క లైన్‌కే ఇంత గోలైతే ఊరంతా వేసి మేమేం కావాలి? కంప్లయింట్లు చూసే పైవాళ్ళు ట్రయల్ ఫెయిలన్నారు."

నర్సమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

కేబులబ్బాయి ఆశ్చర్యంగా కిందికి చూశాడు. బురద బూట్లతో మొదటిసారి లోపలికొచ్చిన రోజు, అతని చేతే హాలంతా తుడిపించిన నోరు అది. "పెట్టె బిగించడం తర్వాత నేర్చుకోవచ్చు, ముందు బూట్లు విప్పడం నేర్చుకోండి" అంది. "మీ పేషెంట్లు ఎలా బతుకుతున్నారండీ?" అన్నాడతను. "నా భయానికే లేచి తిరుగుతున్నారు" అంది. ఆ నోటికి అతను ఆ రోజే పడిపోయాడు.

ఆ తర్వాత కంప్లయింటు వచ్చిన ప్రతిసారీ వాగు దాటి వచ్చేవాడు. పెట్టె తెరిచేవాడు. లోపల అన్నీ సవ్యంగానే ఉండేవి. దుమ్ము దులిపి, ఆమె ఇచ్చిన టీ తాగి, ఆమెతో తనివితీరా పోట్లాడి, ఆఫీసుకెళ్ళి 'రిపేరు చేశాను' అనేవాడు.

ఇప్పుడా రిపేర్లన్నీ కలిసి ఆమె కష్టాన్ని ముంచేస్తున్నాయి. నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే లైన్ ఊడుతుంది.

గబగబా నిచ్చెన దిగేశాడు.

"సార్, ఈ లైన్‌లో ఏనాడూ ఏ తప్పూ లేదు."

"మరి నువ్వు చేసిన రిపేర్లో?"

"చెయ్యలేదు సార్. టీ తాగాను."

హాలంతా గొల్లున నవ్వింది.

"టీ కోసం అబద్ధాలాడావా?"

"తప్పేమీ లేదంటే మళ్ళీ పంపరు కదా సార్..." అంటూ ఓరగా నర్సమ్మ వైపు చూశాడు. బుగ్గలు ఎర్రబడ్డ నర్సమ్మ నిచ్చెన మెట్లు లెక్కపెడుతున్నట్టు తల దించుకుంది.

మేనేజరు బుర్ర గోక్కున్నాడు. "నీ సంగతి ఆఫీసులో చూస్తాను. కానీ కంప్లయింట్లు ఊరికే పోవు. ఇచ్చినవాళ్ళు నా ముందు నిలబడి 'అవి ఉత్తివే' అంటేనే కొట్టేయిస్తాను, లైన్ ఉంటుంది. లేదంటే ఇప్పుడే పీకించేస్తాను. అన్నీ ఈ హాల్లో ఫోన్ నుంచే వచ్చాయి. ఎవరిచ్చారు?"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఫోన్ అందరూ వాడేదే.

బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన నర్సమ్మ తండ్రి చొక్కా చేతులు పైకి మడిచాడు. "నా కూతురు కాళ్ళరిగేలా తిరిగి తెచ్చిన లైన్ ఇది. దానికి పుల్లపెట్టిన దొంగెవరో తేలాలి! దొరికితే తోలు తీస్తాను!"

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఊరుకోనే! నీకు జాలెక్కువ."

"ఆడగొంతని మాత్రం మా ఆఫీసువాళ్ళు చెప్పారు. ప్రతిసారీ ఒకటే మాటట," అన్నాడు మేనేజరు. "'వేరేవాళ్ళొద్దు, ఆ పెట్టె బిగించిన అబ్బాయినే పంపండి' అని."

కేబులబ్బాయి చటుక్కున తలెత్తాడు. తననే పంపమన్నారా? ఈ సంగతి ఆఫీసులో అతనికెవరూ చెప్పలేదు.

"అడిగేది ఇదే ఆఖరిసారి," మేనేజరు గొడుగు విప్పాడు. "ఎవరు?"

నర్సమ్మ నిచ్చెన వదిలేసింది. తండ్రి భుజం మీద చెయ్యి వేసి బెంచీ మీద కూర్చోబెట్టింది. తర్వాత హాలు మధ్యకొచ్చి నిలబడింది.

"అవన్నీ ఉత్తివే సార్. లైన్ మీదకొస్తుందని తెలిస్తే ఫోన్ ముట్టుకునేదాన్నే కాదు." సమాధానం మేనేజరుకి చెబుతోంది, కళ్ళు మాత్రం కేబులబ్బాయి మీదున్నాయి. "ఈయన్నే పంపమని అడిగింది... నేనే."