ముప్పై మీటర్ల లైటు

పొద్దున్నే ఫొటో స్టూడియో షట్టరు ఎత్తి, స్టూలు మీది దుమ్ము దులిపి, గోడకు వేలాడే ఎర్ర గుడ్డను ఒక ఫొటో తీస్తే గానీ ఆయనకు రోజు మొదలైనట్టు ఉండదు. లైటు సరిగ్గా పడిందో లేదో ఎరుపే చెబుతుందని ఆయన నమ్మకం. పని మొదలుపెట్టే ముందు ఒకటి, ముగించాక ఒకటి. నలభై ఏళ్ళుగా ఇదే వరస. వీధిలో అందరూ ఆయన్ని ఫ్లాష్ మాస్టారు అంటారు. ఒకప్పుడు పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళని కూడా కడుపుబ్బ నవ్వించి పంపేవారు. ఈ మూడేళ్ళలో మాత్రం "గడ్డం ఎత్తండి, అయిపోయింది, వెళ్ళండి" అన్న మూడు ముక్కలతో సరిపెడుతున్నారు.

ఆ రోజు గుడ్డ ఫొటో తీస్తుండగానే పైనుంచి కూతురు దిగి వచ్చింది. సముద్ర పరిశోధన సంస్థలో కొత్తగా చేరింది. వచ్చే నెల నుంచి నీళ్ళ అడుగున పగడాలు ఎక్కడెక్కడ చచ్చిపోతున్నాయో ఫొటోలు తీయాలి. కెమెరా వాళ్ళే ఇస్తారట, లైటు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.

"నాన్నా, ఈ మూడు లైట్లలో ఏది తీసుకోమంటావు?" అని చేతిలో కాగితం పెట్టింది.

స్ట్రోబ్ అన్న మాట దగ్గర మాస్టారి చూపు ఆగిపోయింది. నీళ్ళలో వాడే ఫ్లాష్ లైటు అది. ఆ మాట ఆయనకు మొదట నేర్పింది, సముద్రంలో దిగి ఫొటోలు తీసే పెద్దకొడుకు. "నీళ్ళలో దిగేకొద్దీ ముందు పోయేది ఎరుపే నాన్నా. లోతుకి వెళ్తే నీ ఎర్ర గుడ్డ కూడా నల్లగా కనిపిస్తుంది. స్ట్రోబ్ వెలిగితేనే మళ్ళీ ఎర్రబడుతుంది" అని చెప్పి మురిసిపోయేవాడు. అలా దిగిన పెద్దాడే మూడేళ్ళ కిందట ఒక రోజు ప్రాణంతో పైకి రాలేదు.

"నాకెందుకమ్మా ఇవన్నీ? కొట్టువాణ్ణే అడుగు" అన్నారు.

"కొట్టువాడు ఏది అమ్ముడుపోకపోతే అది మంచిదంటాడు. లైట్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు? నువ్వు ఏది చెప్తే అదే."

మూడు రోజులు మాస్టారు ఆ కాగితంతోనే కాపురం చేశారు. మొదటి లైటుకు వెలుగు బాగానే ఉంది గానీ, ఒకసారి వెలిగాక మళ్ళీ సిద్ధం కావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఈలోగా చేప ఊరు దాటిపోతుంది. రెండోది సెకనున్నరలో తయారు, వెలుగు వెడల్పుగా పరుచుకుంటుంది, వంద మీటర్ల లోతుకైనా తట్టుకుంటుంది. కళ్ళు మూసుకుని కొనాల్సింది అదే. మూడోది మసక లైటు, పైగా ముప్పై మీటర్లు దాటితే లోపలికి నీళ్ళు దూరతాయని వాళ్ళే రాసుకున్నారు.

ఆయన మూడోది తెప్పించారు.

ఆదివారం పొద్దున పార్సిల్ వచ్చింది. కూతురు హాల్లో నేలమీద కూర్చుని పసిపిల్లని దుప్పట్లోంచి తీసినట్టు లైటును బయటికి తీసింది. తల్లి వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఇంతోటి డబ్బాకేనా మీ నాన్న మూడు రోజులు అన్నం సహించక కూర్చున్నది?"

కూతురు నవ్వబోయి, లైటు అడుగున ఉన్న అక్షరాలు చదివి ఆగిపోయింది.

"నాన్నా, వేరేది పంపినట్టున్నారు. దీని మీద ముప్పై మీటర్లే అని ఉంది."

"నేను చెప్పిందే పంపారు."

"నా పని ముప్పై అయిదు మీటర్ల దగ్గర కదా! నీకు చెప్పాను కూడా."

"చెప్పావు. అందుకే ఇది తెప్పించాను." మాస్టారు పేపరు మీదనుంచి తల ఎత్తలేదు. "లైటు ఆగిన చోట నువ్వూ ఆగుతావు."

కూతురి ముఖం ఎర్రబడింది. "వెళ్ళొద్దని నోటితో చెప్పొచ్చుగా? నిన్ను నమ్మి అడిగితే ఇలా మోసం చేస్తావా?"

"చెప్తే వినే ఇల్లేనా ఇది? వాడు విన్నాడా?"

"అన్నయ్యని తిట్టకు నాన్నా. వాడు పైకి వచ్చేటప్పుడు గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. పక్కనున్న డైవరూ అదే చెప్పాడు. ఇంకెవరు చెప్తే నమ్ముతావు?"

"నన్ను ఓదార్చడానికి అందరూ కూడబలుక్కున్న మాట అది!"

ఆయన గొంతు అంతగా లేవడం ఆ ఇంట్లో మూడేళ్ళలో ఎవరూ వినలేదు. తల్లి గరిటె అక్కడే పెట్టేసి వచ్చి భర్త చేతిలో పేపరు లాగేసింది.

"ఏమండీ, రాయిలా కూర్చుంటే నాకు భయమేస్తోంది. లోపల ఏముందో ఇవాళ బయటపెట్టండి. మీకు పుణ్యముంటుంది."

మాస్టారు తన చేతులకేసి చూసుకున్నారు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు.

"ఆ రోజు పొద్దున పడవ మీదనుంచి వాడు ఫోన్ చేశాడు. నేను బాగుచేసి ఇచ్చిన పాత స్ట్రోబే వాడిది. వెలగట్లేదు నాన్నా, ఇవాళ్టికి మానేసి వచ్చేస్తాను అన్నాడు. నేను ఊరుకోవచ్చుగా? నా పనికి వంక పెట్టాడని పౌరుషం వచ్చింది. నీళ్ళు దూరకుండా ఉండే రబ్బరు రింగు తీసి తుడిచి మళ్ళీ పెట్టు, వెలగకపోతే నన్నడుగు, పని సగంలో వదిలేసి రాకు అన్నాను. వాడు అడుగున ఆ లైటుతో కుస్తీ పడుతూనే ఉండిపోయాడు. నా మాట పట్టుకునే ఉండిపోయాడు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు లేచి, లోపలి బీరువాలోంచి చిన్న డబ్బా తెచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుంది.

"కిందికి రా నాన్నా."

"వాడి ఫొటోలు నేను చూడను."

"ఎన్నిసార్లు చూపిస్తానన్నా తలుపేసుకున్నావు. నువ్వు ఇది మోస్తున్నావని నాకు తెలిస్తే తలుపు పగలగొట్టేదాన్ని. రా."

స్టూడియోలో కంప్యూటరు ముందు ఆయన్ని కూర్చోబెట్టి, డబ్బాలోంచి పెద్దాడి కెమెరా కార్డు తీసి పెట్టింది. ఆ చివరి రోజు తీసినవి మొత్తం నలభై మూడు ఫొటోలు. మొదటిది తెరుచుకోగానే మాస్టారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. నల్లటి డైవింగ్ సూటు తొడిగిన చెయ్యి, ముంజేతి దగ్గర కుట్టిన గుడ్డ ముక్క. తన స్టూడియో గుడ్డలోంచి వాడు అడగకుండా కత్తిరించుకుపోయిన ముక్క అది. ఆనాడు ఇల్లెగిరిపోయేలా తిట్టారు వాణ్ణి.

గుడ్డ ఎర్రగా ఉంది.

ఒక్కొక్కటే జరుపుతూ పోయింది కూతురు. నారింజ రంగు చేపలు, కుంకుమ రంగు పగడాలు, ఒక ముసలి పీత. ఒక్క ఫొటో కూడా చీకటిగా లేదు. రబ్బరు రింగు తుడిచి పెట్టాడు, లైటు వెలిగింది. మాస్టారికి లైట్ల విషయంలో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఫొటోలోనూ తను బాగుచేసిన స్ట్రోబ్ వెలుగు ఆయనకు తెలుస్తూనే ఉంది.

నలభై మూడోదాని దగ్గర కూతురు ఆగింది.

మళ్ళీ అదే చెయ్యి. అదే గుడ్డ ముక్క. రక్తమంత ఎరుపు.

"పని ముగించాక ఒకటి" అంది కూతురు. "కుస్తీ పట్టలేదు నాన్నా. అన్నీ అయ్యాక, ఇంటికి బయల్దేరుతూ తీసుకున్నాడు. నీ పద్ధతి తప్పలేదు వాడు."

మాస్టారు తెర మీది ఆ చేతిని వేలితో తాకారు. మూడేళ్ళుగా రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. వాడు లేడన్న బాధ రవ్వంత కూడా తగ్గలేదు, కానీ వాడి చావు తన చేతి పని కాదని తెలిసింది. తల్లి వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

మర్నాడు ఆయనే కొట్టుకు వెళ్ళి ఆ లైటు ఇచ్చేసి వంద మీటర్లది తెచ్చారు. రబ్బరు రింగు తీసి, వెంట్రుక కూడా లేకుండా తుడిచి, మళ్ళీ పెట్టడం కూతురికి చూపించి, ఆమె చేత నాలుగుసార్లు చేయించారు. లైటును కెమెరాకు దూరంగా ఎలా పెట్టుకోవాలో, దగ్గరగా పెడితే నీళ్ళలోని నలకలన్నీ ఎలా మెరిసి ఫొటోని పాడుచేస్తాయో చెప్పారు. అదంతా పెద్దాడు చెప్పిందే. చివరికి గోడ దగ్గరికి వెళ్ళి, ఎర్ర గుడ్డ అంచు తనే కత్తిరించి, సూదీ దారంతో ఆమె డైవింగ్ సూటు ముంజేతికి కుట్టారు. చూపు సరిగ్గా ఆనక రెండుసార్లు వేలు గుచ్చుకున్నారు.

"పని మొదలుపెట్టే ముందు ఒకటి, ముగించాక ఒకటి" అన్నారు దారం పంటితో తెంపుతూ.

"తెలుసు నాన్నా."

"లైటు మొండికేస్తే పని సగంలో వదిలేసి వచ్చెయ్యి. వచ్చెయ్యి తల్లీ. ఎవరేమన్నా సరే."