పదకొండో ప్రశ్న

పొద్దున్నే సర్టిఫికెట్లన్నీ భోజనాల బల్ల మీద పరిచింది అమ్మాయి. రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగానికి ఎంపికైంది. మిగిలింది భద్రతా తనిఖీ ఫారం ఒక్కటే. ఎదురుగా తండ్రి పని సంచిలో పానాలు సర్దుకుంటున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

“పదకొండో ప్రశ్న విను నాన్నా. ఇంట్లో ఎవరికైనా శిక్ష పడిందా, కోర్టు కట్టమన్న బాకీలున్నాయా అంట! మనింట్లో గొంతెత్తి మాట్లాడే మనిషే లేడు. లేదని రాసేస్తున్నా.”

వంటగదిలో తల్లి చేతిలో గరిట ఆగిపోయింది. తండ్రి తలెత్తలేదు.

“ఊఁ” అన్నాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చేసరికి, భుజాన సంచి కూడా దించకుండా నిలబడి ఉంది కూతురు.

“నాన్నా, నువ్వు జైలుకెళ్ళావా?”

ఆయన కుర్చీ పట్టుకున్నాడు.

“నువ్వు పుట్టకముందు తల్లీ. లారీ తోలేవాణ్ణి. కంపెనీ డీజిలు తీసి అమ్ముకున్నా. నాలుగు నెలలు వేశారు.”

“మరి కట్టమన్న పరిహారం?”

“సగం కట్టా. తర్వాత కంపెనీ మూతపడింది. ఎవరూ అడగలేదు కదా అని...”

“నేనడిగానుగా, ఇదే బల్ల దగ్గర!” ఆమె సంచి బల్ల మీద పడేసింది. “ఇవాళ తనిఖీ ఆఫీసుకి పిలిచారు. వాళ్ళకి నీ కేసు పెద్ద విషయం కాదట. ఎందుకు దాచావని నన్ను నిలదీశారు. నాకు తెలీదంటే ఆ ఆఫీసరమ్మ నమ్మలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.”

“ఆయన్ననకే. పిల్లకి చెప్పొద్దన్నది నేనే” అంది తల్లి, కళ్ళొత్తుకుంటూ.

“నువ్వు వద్దన్నావు సరే. ఊఁ అన్న నోరు నాది” అన్నాడాయన.

మర్నాడు పనికి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ కార్యాలయానికి వెళ్ళాడు. ఆఫీసరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“దొంగతనం చేసి జైలుకెళ్ళింది నేనమ్మా. మా పిల్లకి తెలీదు. తప్పు రాస్తోందని తెలిసీ నోరు మూసుకున్నాను.”

ఆవిడ కాగితం ఇచ్చింది. అరపేజీ రాయడానికి ఆయనకు గంట పట్టింది. మిగిలిన పరిహారం ఏ కోర్టులో కట్టాలో కూడా అడిగి రాసుకున్నాడు.

“ఈసారి ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది” అందావిడ. “మీ వాంగ్మూలం మాత్రం ఫైల్లో పెడతాను. అబద్ధమాడిందన్న మాట అమ్మాయి పేరు మీద ఉండదు. వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.”

బయటికొస్తే గేటు దగ్గర కూతురు నిలబడి ఉంది. తల్లి చెప్పగానే పరుగున వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది.

“నా మూలంగా పోయింది తల్లీ. నీ కళ్ళలో చులకనైపోతానని భయపడ్డాను. చివరికి నిన్ను దోషిని చేశాను.”

ఆమె దగ్గరికి వచ్చింది.

“ఆ నాలుగు నెలలూ అమ్మ ఒక్కతే ఉందా?”

“ఒక్కతే. నువ్వు కడుపులో ఉన్నావు. ప్రతి ఆదివారం బస్సులో నిలబడి వచ్చేది, నన్ను చూడ్డానికి.”

కూతురి కళ్ళు జలజలా కురిశాయి. తండ్రి చెయ్యి పట్టుకుని బస్టాపు బల్ల మీద కూర్చోబెట్టింది.

“మొదట్నించీ చెప్పు నాన్నా. ఏదీ వదలకుండా.”

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.