సున్నాను ఎనభై అన్న కెప్టెన్

తల్లి కుల్యాష్ బౌర్సాక్ పిండి ఉండలు నూనెలో వేయిస్తున్న వాసనకి ఇల్లంతా మేలుకుంది గాని, పెద్దకొడుకు ఓల్జస్ మాత్రం దుప్పటి కింద కళ్లు తెరుచుకునే పడుకున్నాడు. గోడ అవతల తమ్ముడు నుర్కెన్ కంప్యూటర్ తీగలు ఒక్కొక్కటీ ఊడదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గనుల ఊరు కరగందాలో ఫిబ్రవరి పొద్దు. కిటికీ అద్దం మీద మంచు పేరుకుని వీధి కనిపించడం లేదు. మధ్యాహ్నం బస్సుకి నుర్కెన్ ఎకిబాస్తుజ్ వెళ్లిపోతున్నాడు. అక్కడి బొగ్గు గనిలో మేనమామ పని చూసిపెట్టాడు. పంతొమ్మిదేళ్లవాడు, కంప్యూటర్లో ఆడే తుపాకుల ఆటలో వాడి గురి చూసి పెద్ద పెద్దవాళ్లే ముక్కున వేలేసుకునేవారు. అలాంటివాడు ఇక ఆ ఆట ముట్టనని మూడు రోజుల కిందట ఒట్టు పెట్టుకున్నాడు.

కారణం ఎవరో ఓల్జస్‌కి తెలుసు. తెలిసీ ఈ మూడు రోజులూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాడు.

అన్నదమ్ములిద్దరూ 'బురాన్' జట్టులో ఆడతారు. ఇరవై ఆరేళ్ల ఓల్జస్ దానికి కెప్టెన్. ఐదుగురు ఐదుగురితో తలపడే ఆ ఆటలో గురి ఎంత ముఖ్యమో, మైకులో చెప్పే మాట అంతకు రెండింతలు ముఖ్యం. ఒకడు చూసినదే మిగతా నలుగురికీ కళ్లు. ఎదుటివాడు ఎక్కడున్నాడు, వాడి ప్రాణం వందలో ఎంత పోయింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆటలో చచ్చినవాడు కూడా ఆ రెండు ముక్కలూ చెప్పి నోరు మూసుకోవాలి. తెలియకపోతే తెలియదనాలి. ఓల్జస్ కొత్త కుర్రాళ్లకి మొదటిరోజు నేర్పే పాఠం ఇదే.

అల్మతీలో జరిగిన పోటీలో ఆఖరి రౌండు అది. గెలిస్తే విదేశంలో పెద్ద పోటీకి వెళతారు, ఓడితే ఇంటికి. ఆ రోజంతా ఓల్జస్ గురి కుదరలేదు. చివరికి ఇటు అన్నదమ్ములిద్దరూ, అటు ఒక్కడూ మిగిలారు. ఆ ఒక్కడూ గుమ్మంలో నాలుగడుగుల దూరంలో ఎదురైతే ఓల్జస్ తుపాకీ మొత్తం ఖాళీ చేసి, ఒక్కటంటే ఒక్క తూటా తగిలించలేక చచ్చాడు. ఎంత దెబ్బ కొట్టావో చచ్చినవాడికి ఒక్కడికే, వాడి తెర మీద అంకె పడుతుంది. సున్నా అని పడింది. వందలమంది కూర్చున్న హాలులో సున్నా. ఆ సిగ్గులో, కళ్ల ముందు సున్నా కనిపిస్తుండగానే అతని నోరు జారింది.

"ఎనభై కొట్టాను. ఒక్క తూటా చాలు, బయటికి రా."

నుర్కెన్ బయటికి వచ్చాడు. ఒక్క తూటా కాల్చాడు, తగిలింది, ఆగాడు. పడిపోవలసినవాడు పడలేదు. వాడే ఎదురు కాల్చాడు. అంతే, అయిపోయింది.

ఎవరు ఎంత చెప్పినా సరే, ఎదుటివాడు నేల కరిచేదాకా కాలుస్తూనే ఉండాలన్నది ఈ ఆటలో ఓనమాలు. అందుకే తప్పంతా నుర్కెన్ నెత్తిన పడింది. ఎందుకు ఆగావని కోచ్ అడిగితే, "చెయ్యి వణికింది, నాదే తప్పు" అని తల దించుకున్నాడు. కోచ్ రోమన్ హెగాయ్‌ది ఒక పద్ధతి ఉంది. ఓడిన ఆటని మూడు రోజులదాకా తనూ చూడడు, ఎవరినీ చూడనివ్వడు. కోపంతో చూస్తే ఉన్నది కనబడదంటాడు. ఆ మూడు రోజుల్లో ఊరంతా నుర్కెన్‌కి 'ఒక్క తూటా' అని పేరు పెట్టేసింది.

ఓల్జస్ వంటింట్లోకి వచ్చేసరికి తండ్రి తస్బొలాత్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్లు గనిలో పనిచేసి వచ్చినవాడు, మాట కూడా గునపంలాగే వాడతాడు. నుర్కెన్ వచ్చి ఎదురుగా కూర్చోగానే మొదలెట్టాడు.

"ఏరా ఒక్క తూటా, టీ అన్నా పూర్తిగా తాగుతావా, ఒక్క గుక్కతో ఆపేస్తావా?"

"చాల్లే ఊరుకోండి. ఊళ్లోవాళ్లు అన్నది చాలలేదా?" అంది కుల్యాష్, చిన్నకొడుకు ముందు టీ గిన్నె పెడుతూ. "మూడు రోజులుగా పిల్లాడు ముద్ద ముట్టట్లేదు."

"ఊళ్లోవాళ్లు అంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీకే ఇంట్లో అంటున్నాను. నిన్న కార్ల గరాజుల దగ్గర పక్కింటి సపార్ అడుగుతున్నాడు, మీ చిన్నాడి చేతికి పక్షవాతమా అని. పెద్దాడూ అదే ఆట ఆడతాడు. వాణ్ణి చూసైనా నేర్చుకోకూడదూ?"

"అన్నయ్యని చూసే నేర్చుకున్నాను నాన్నా" అన్నాడు నుర్కెన్.

ఆ మాటలో వెటకారం లేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఓల్జస్ కొరికిన బౌర్సాక్ తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. ఇప్పుడు చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని లోపల ఎవరో పొడుస్తున్నారు. తండ్రి ముఖం చూశాడు. తనని చూసినప్పుడల్లా ఆ ముఖంలో కనిపించే గర్వం ఇంకొక్క పూట ఉండనీ అనిపించింది. లేచి వెళ్లిపోయాడు. ఛీ, ఏం బతుకు ఇది అనుకున్నాడు.

గదిలో నుర్కెన్ సామాను అట్టపెట్టెలో సర్దుతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నుర్కెన్, ఆ రోజు ఆఖరి రౌండులో..."

"వదిలెయ్ అన్నా. అయిపోయిందిగా." తల ఎత్తకుండానే చెప్పాడు తమ్ముడు. తర్వాత చేతిలోని మౌస్ ముందుకు చాచాడు. "ఇది నువ్వుంచుకో. నీదాంట్లో ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. ఎప్పట్నించో చెబుతున్నా, మార్చుకోవు."

ఓల్జస్ అందుకున్నాడు. అందుకున్న చెయ్యి విరిగిపోతే బాగుండుననిపించింది.

పదింటికి కోచ్ వచ్చాడు. బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకుని, కుల్యాష్ పోసిన పాల టీ రెండు గిన్నెలు తాగాక, సంచిలోంచి కాగితం తీశాడు. నుర్కెన్ జట్టు వదిలి వెళుతున్నట్టు సంతకం పెట్టాల్సిన కాగితం.

"గురి దేవుడిస్తాడు, దాన్ని నేను మెరుగుపెట్టగలను" అన్నాడు హెగాయ్ బరువుగా. "కాని చివరి క్షణంలో మనసు నిలబడాలి. అది నిలవకపోతే నేనేం చెయ్యను? నువ్వే వెళ్తానంటున్నావు కాబట్టి ఆపట్లేదు. ఆలోచించుకున్నావుగా?"

"ఆలోచించుకున్నాను" అని నుర్కెన్ కలం అందుకున్నాడు.

"ఆగు" అన్నాడు తస్బొలాత్. "కోచ్ గారూ, ఆ ఆట మీ దగ్గరుందా? ఊరంతా చూసి నవ్వింది. నేను మాత్రం చూళ్లేదు. నా కొడుకు ఎక్కడ తడబడ్డాడో నా కళ్లతో చూస్తాను. ఆ తర్వాతే సంతకం."

"నేనూ చూళ్లేదు. మూడు రోజులూ నిన్నటితో అయిపోయాయి. మైకులో మాటలతో సహా ఉంది, చూద్దాం." హెగాయ్ లాప్‌టాప్ తెరిచాడు. "ఎవరు ఎంత దెబ్బ కొట్టారో కూడా అంకెలు పడతాయి."

నుర్కెన్ చటుక్కున చెయ్యి చాపి లాప్‌టాప్ మూత మూసేశాడు. కలం కిందపడి దొర్లింది.

"వద్దు. నా తప్పేనని చెప్పానుగా. మళ్లీ చూడ్డం దేనికి? సంతకం పెడతాను, పెట్టి పోతాను."

"నా ముందే పెద్దల వస్తువు మీద చెయ్యి వేస్తావురా?" తస్బొలాత్ గొంతు లేచింది.

ఓల్జస్ తమ్ముడి కళ్లలోకి చూశాడు. అందులో భయం ఉంది, అది తన గురించి కాదు. వీడు ఆ ఆట ఎప్పుడో చూసేశాడు. ఆ సున్నా వీడికి తెలుసు. తెలిసే మూడు రోజులుగా ఊరి తిట్లన్నీ దుప్పటిలా కప్పుకుని కూర్చున్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. తను మూడు రోజులు తీసుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"వాణ్ణేమీ అనకండి నాన్నా" అన్నాడు. "వాడి చెయ్యి వణకలేదు. నేను అబద్ధం చెప్పాను. ఎనభై కొట్టానన్నాను. ఒక్కటీ కొట్టలేదు. తెర మీద సున్నా పడింది, చూసి కూడా ఎనభై అన్నాను."

పొయ్యి మీద నూనె చిటపటలాడుతుంటే కుల్యాష్ వెళ్లి మంట తగ్గించి వచ్చింది.

"ఎందుకు?" అన్నాడు హెగాయ్.

"సిగ్గేసింది. కెప్టెన్ని. నాలుగడుగుల దూరంలో ఉన్నవాడికి ఒక్కటీ తగల్లేదని మీ అందరికీ తెలుస్తుందని సిగ్గేసింది. తర్వాత మీరు వీణ్ణి అడిగితే వీడు తన తప్పేనన్నాడు. అప్పుడు ఊరుకున్నాను. నిన్నా ఊరుకున్నాను. ఇందాక టీ దగ్గరా ఊరుకున్నాను."

తస్బొలాత్ లేచి పెద్దకొడుకు మీద చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే కాసేపు నిలిచి కిందికి దిగింది. ఆయన చిన్నకొడుకు వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా."

"ఎప్పుడు తెలిసింది?"

నుర్కెన్ బల్ల వైపు చూస్తూ అన్నాడు. "అన్నయ్య అన్నప్పుడే. పంతొమ్మిదేళ్లుగా వింటున్న గొంతు నాకు తెలీదా? అబద్ధం చెప్పేటప్పుడు మాట గబగబా వస్తుంది అన్నయ్యకి."

"మరి తెలిసీ ఎందుకు ఆగావురా?" అన్నాడు హెగాయ్, ముందుకు వంగి. "రెండోది కాలిస్తే గెలిచేవాళ్లం."

"రెండోది కాలిస్తే అన్నయ్య మాట నమ్మలేదని మైకులో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది కదా. అంత ఆలోచించే టైము కూడా లేదండీ అక్కడ. అన్నయ్య ఒకటి చాలన్నాడు, చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో అన్నయ్య మాటకి అడ్డు చెప్పి ఎరగను."

తస్బొలాత్ కుర్చీలో కూలబడ్డాడు. పెద్దవాడి మాట దాటకూడదని ఆ పిల్లాడికి మాటలు రాకముందు నుంచీ నూరిపోసింది ఎవరు? ఒకసారి అన్నని అబద్ధాలకోరన్నందుకు వాణ్ణి చలిలో గుమ్మం బయట నిలబెట్టింది ఎవరు? ఆ రోజు చిన్నాడు అన్నదీ నిజమే కాబోలు. ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"పొద్దున్న నేనన్న మాటలు..." అని ఆగి, "నాకు బుద్ధి లేదురా చిన్నాడా" అన్నాడు. ఆ ఇంట్లో అలాంటి మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కుల్యాష్ తల గుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుంది.

హెగాయ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"నుర్కెన్, నువ్వు జట్టులోనే ఉంటున్నావు. నీ మనసు గట్టిదే, అక్కర్లేని చోట వంగడం నేర్చుకుంది. అది నేను మానిపిస్తాను. మైకులో అన్నా తమ్ముడూ లేరు, నమ్మకపోతే నమ్మనని అరవాలి." తర్వాత ఓల్జస్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "నువ్విక కెప్టెన్‌వి కాదు. గురి తప్పినందుకు కాదు, అది ఎవరికైనా తప్పుతుంది. కొన్నాళ్లు మైకు లేకుండా వెనక కూర్చుని వింటావు. సాయంత్రం జట్టు ముందు నువ్వే చెప్పాలి."

"సాయంత్రం దాకా ఎందుకండీ" అన్నాడు ఓల్జస్.

ఫోన్ తీసి మిగతా ముగ్గురినీ ఒకేసారి కలిపాడు. అందరి ముందూ నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అవతల ముగ్గురిలో ముందుగా దనీలా గొంతు వినిపించింది. "మూడు రోజులుగా పిల్లాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నాం కదరా. నువ్వు వింటూ కూర్చున్నావా?" ఓల్జస్ అవునన్నాడు. "ఫోన్ వాడికివ్వు" అన్నాడు దనీలా. ఆ తర్వాత ఓల్జస్‌తో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

కోచ్ వెళ్లాక ఇద్దరూ గదిలో ఆ అట్టపెట్టెకి అటూ ఇటూ కూర్చున్నారు. బస్సు వేళ దాటిపోతోంది. నుర్కెన్ ఒక్కొక్క తీగా బయటికి తీసి చిక్కు విప్పుతున్నాడు.

"క్షమించరా అనడానిక్కూడా నాకు ముఖం లేదు" అన్నాడు ఓల్జస్.

"కోపంగానే ఉంది అన్నా. లేదంటే అది ఇంకో అబద్ధమవుతుంది." నుర్కెన్ తీగ పక్కన పెట్టాడు. "కొన్నాళ్లుంటుందేమో."

"ఉండనీ."

"ఒక్కటి మాత్రం చెయ్యి. ఇకమీదట కొట్టకపోతే కొట్టలేదని చెప్పు. సున్నా అయితే సున్నా అను. మిగతాది నేను చూసుకుంటాను."

జట్టంతటినీ తన నెత్తిన మోస్తున్నాననుకున్న మనిషి ఆ మాటతో ఇక ఆగలేకపోయాడు. తమ్ముడి భుజం మీద తల ఆనించి, గుమ్మంలో తల్లి చూస్తోందని తెలిసీ, వెక్కి వెక్కి ఏడ్చాడు.