నాడి పలికే గొంతు

"నాడి నలభై తొమ్మిది దశాంశం మూడు. ఉప్పుటేరు పేటకు కోత. మన్నించాలి."

కరెంటు కేంద్రంలో మైకు ముందు కూర్చున్న పైడిరాజు చివరి మాట దగ్గర గొంతు దించాడు; ఆ గొంతు పేటల్లో స్పీకర్లన్నిటా వినిపిస్తుంది. ‘మన్నించాలి’ని గట్టిగా అంటే దబాయించినట్టుంటుందని శిక్షణలో నేర్పారు. మనిషి నోట సంఖ్య, పేరు వినపడితేనే కరెంటు పంచే యంత్రం, తూనిక, ఆ పేట తీగను విడదీస్తుంది. మనిషి పలకని కోత చెల్లదని చట్టం. ఏం పలకాలో మాత్రం తూనికే తెర మీద రాసి పెడుతుంది. ఒకప్పుడు ఈ గదిలో నాడిని చూపే ముల్లున్న మీటరొకటి ఉండేదట. ఇప్పుడు గోడ మీద దాని గుండ్రటి మచ్చ ఉంది.

కొండ మీద డబ్బున్నవాళ్ళుండే కొండమేడల ఏసీల నుంచి పేటలో ఫ్యాన్ల దాకా ఒకే తీగ, ఒకే నాడి. సెకనుకు యాభై ఊపులు. వాడకం పెరిగి అది నలభై తొమ్మిదిన్నర కిందికి జారితే ఎవరో ఒకరు తప్పుకోవాలి, లేదంటే తీరమంతా చీకటే. ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదన్న ఆ లెక్కంటే పైడిరాజుకు గౌరవం.

ఈ రోజు అతనికి ఇంకాస్త హుషారుగా ఉంది. మేనత్త సూరీడమ్మ ఐసు గదిలో నిన్న తను బిగించిన డబ్బా ఇదే సంఖ్య చూపించి ఉంటుంది. కోత పడేలోగా పేటంతా కళ్ళారా చూసుంటుంది.

పడవలవాళ్ళు చేపలు ఆవిడ గదిలోనే దాస్తారు. కోత పడిన ప్రతిసారీ ఐసు కరుగుతోంది. "నీ మేనల్లుడు కొండోల్ల మనిసి, మనకే కోతలేటి?" అని ఆవిడ మొహానే అంటున్నారు. ఇంకొక్కసారి చేప కుళ్ళిందంటే పడవలు ఆ గది గుమ్మం తొక్కవు. ఆవిడకు వేరే బతుకు లేదు.

అందుకే పైడిరాజు పాత సామాన్ల సంతలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒక మైక్రోకంట్రోలరు కొన్నాడు. గోడ కరెంటును తొమ్మిది వోల్టులకు దించి, కరెంటు అల ఊగినప్పుడల్లా చిప్పు లెక్కపెట్టేలా ప్రోగ్రాం రాశాడు. మొదట అది నూరు చూపించింది.

"నూరేటి? మనకి రెండింతలొత్తందా కరెంటు?" అంది సూరీడమ్మ.

అల లేవడాన్నీ పడడాన్నీ కూడా లెక్కేశాడు మరి. నవ్వుకుంటూ దిద్దాడు. చిప్పు గడియారాన్ని కేంద్రం గంటతో సరిచూశాడు. నాడి జారితే వెలిగేలా ఎర్ర లైటు పెట్టి, గోడకు మేకు కొట్టి తగిలించాడు.

"కోత చెప్పేటప్పుడు ఈ లైటు వెలిగితే అది న్యాయం, అత్తా. వెలగకపోతే నా మొహాన ఉమ్మెయ్యి," అన్నాడు, నలుగురూ వింటుండగా.

పని దిగి నేరుగా పేటకు వెళ్ళాడు. ఐసు గది గుమ్మంలోంచి నీళ్ళు కారుతున్నాయి. మేకు ఉంది, డబ్బా లేదు.

"పాడైపోనాది నాయినా. నానే తీసీసేను," అంది సూరీడమ్మ, చేపల మీద ఉప్పు చల్లుతూ. తలెత్తలేదు.

గుమ్మంలో కూర్చున్న పొరుగావిడ నవ్వింది. "మేం సూడ్డానికొచ్చేసరికే పీకీసింది. మేనల్లుడి పనితనం ఒక్కరోజూ ఆగనేదు."

పొరుగావిడ వెళ్ళాక సూరీడమ్మ బియ్యం డబ్బా వెనకనుంచి దాన్ని తీసి అతని చేతిలో పెట్టింది.

"ఎర్ర లైటు ఎలగనేదు, పైడీ. నువ్వు మాటాడతన్నంతసేపూ యాబయ్యే. అందరూ వొచ్చేత్తన్నారని లాగీసేను." చెయ్యి చీరకు తుడుచుకుంది. "సేపలు పోతే మళ్ళీ వొత్తాయి. నీ మాట పోతే వొత్తాదేటి?"

ఆవిడ ఉమ్మి ఉంటే బాగుండేదనిపించింది. అతని అబద్ధాన్ని ఆవిడ తన బతుకుతో కప్పిపెట్టింది. సిగ్గుతో అతనికి ఒళ్ళంతా కాలిపోయింది. కుళ్ళిన చేపల బుట్ట మోసి పారబోసి వస్తానన్నాడు. ఆవిడ వద్దంది.

మర్నాడు అన్నం క్యారేజీలో డబ్బా పెట్టుకుని వచ్చి, బల్ల పక్క సాకెట్లో గుచ్చాడు. యాభై దశాంశం సున్నా రెండు. తెర మీద తూనిక రాసింది: నలభై తొమ్మిది దశాంశం రెండు, ఉప్పుటేరు పేట.

"అదేమిటయ్యా?" అన్నాడు పై అధికారి భుజంగరావు, వెనకనుంచి వంగి చూసి.

"నాడి, సార్."

భుజంగరావుకు కోపం కూడా రాలేదు. "కొండమేడల చల్లగదులకు ఈ పూట ఎక్కువ కావాలి. వాళ్ళు మొదలెట్టకముందే ఎక్కడో తగ్గించాలి. నాడి పడిందంటే జనం ఊరుకుంటారు. నీకు తెలీదా?"

"తెలీదు," అన్నాడు పైడిరాజు. అదీ పూర్తిగా నిజం కాదు. ఇన్నేళ్ళలో కొండమేడలన్న పేరు తన నోట ఒక్కసారీ రాలేదు. ఎందుకని అడగలేదు. జీతం నోటికే గదా అనుకున్నాడు.

మైకు నొక్కాడు. "నాడి యాభై దశాంశం సున్నా రెండు. ఇన్నాళ్ళూ నేను చదివినవి నేను చూసిన సంఖ్యలు కావు. ఉప్పుటేరు పేట నన్ను మన్నించాలి."

తెర మీద ‘మళ్ళీ పలకండి’ అని వచ్చింది. అతను నోరు మూసుకున్నాడు. కోత పడలేదు. కొండమేడల చల్లగదులు మాత్రం అలవాటు ప్రకారం ఒక్కొక్కటే మొదలయ్యాయి. డబ్బాలో సంఖ్య జారింది. నలభై తొమ్మిది దశాంశం ఎనిమిది. ఆరు. నాలుగు. ఎర్ర లైటు వెలిగింది.

"చదవవయ్యా, పేట పేరు చదువు, మొత్తం మునుగుతుంది," అన్నాడు భుజంగరావు, మైకును అతని వైపు తోస్తూ.

నిజమే, ఇప్పుడు ఎవరో ఒకరు తప్పుకోవాలి. పైడిరాజు డబ్బా చూసి చదివాడు.

"నాడి నలభై తొమ్మిది దశాంశం నాలుగు. కొండమేడలకు కోత. మన్నించాలి."

మనిషి ఏ పేరు పలికితే ఆ పేరుకే కోత, చట్టం చట్టమే. తూనిక క్షణం ఆగి తీగ విడదీసింది. కేంద్రం ఉన్నదీ కొండ మీదే గనుక గదిలో ఏసీ ఆగింది, తెర ఆరింది, డబ్బా కూడా ఆరింది. భుజంగరావు కుర్చీలో కూలబడ్డాడు.

చీకట్లో పైడిరాజు ఫోను మోగింది. అత్త. ఎత్తడానికి ఇంకా సిగ్గుగానే ఉంది. ఎత్తాడు.

"అందరూ ఇక్కడే ఉన్నారు నాయినా, నీ మాట ఇన్నారు," అంది సూరీడమ్మ. "మేకు కాళీగా ఉంది. డబ్బా ఎప్పుడు తెత్తావు?"